మేలుకునే ఉందనుకో

మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల
వానలు వెనక్కి తగ్గిన వారం

మహారాజశ్రీ అనౌన్సర్ మామయ్య గారి దివ్యసముఖమునకు,

తమరి మేనకోడలు, చదువుకున్న ఇంజనీరు, ప్రస్తుతం కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతున్న మనిషి అయిన పిడుగు రాయునది ఏమనగా:

ముందు అత్తయ్యకి నా క్షమాపణలు. పోయినసారి ఫోన్లో నువ్వు "ఆఁ? ఏంటీ?" అన్నప్పుడల్లా నేను గొంతు పెంచుకుంటూ పోయాను. ఫలితంగా అత్తయ్య పళ్లసెట్టు కట్టించుకుంటున్న సంగతి మా అంతస్తు మొత్తానికి తెలిసిపోయింది. ఒకాయన మంచి డాక్టరు పేరు కూడా రాసిచ్చాడు. ఇకమీదట మనకి ఉత్తరాలే గతి. మెసేజ్‌లు పెట్టుకుందామంటే నీ బొటనవేలు ఒక అక్షరం నొక్కబోయి మూడు నొక్కుతుంది. "క్షేమం" అనబోయి నువ్వు పంపిన ముక్కని నేనింకా ఎవరికీ చూపించలేదు.

ఇక అసలు సంగతి. నీ చెవిలో ఉన్న మిషన్ మొదటి విడత నమూనా అని నీకు తెలుసు. అందులోని చిప్‌ని ఇప్పుడు వేలల్లో చేయించబోతున్నారు. చేయించే ముందు మైకు, ఆంప్లిఫయరు, స్పీకరు, బ్యాటరీ అన్నిటినీ కలిపి కంప్యూటర్లో ఒకసారి నడిపి చూడాలి. నాటకానికి రిహార్సల్ లాంటిదనుకో. ఆ రిహార్సల్ ఏ సాఫ్ట్‌వేర్‌తో చెయ్యాలో తేల్చే బాధ్యత మా పెద్దాయన నా నెత్తిన పెట్టాడు. "అమ్మాయ్, ఒకటి తేల్చు. ఫ్యాక్టరీకి వెళ్లాక దిద్దుకోవడాలుండవు" అన్నాడు. నిజమే, చిప్ అచ్చయ్యాక రబ్బరు పెట్టి చెరపలేం. ఇంకో విడత చేయించే ఓపిక మా కంపెనీకి లేదు. నా ఉద్యోగమా, ఇంకా పర్మనెంటు కాలేదు.

పోటీలో ముగ్గురున్నారు. అసలు పేర్లు రాస్తే నీకు ఆవలింతలొస్తాయని నేనే నామకరణం చేశాను.

మొదటివాడు దొరగారు. ఖరీదు వింటే కళ్లు తిరుగుతాయి. తెర మీద రంగురంగుల గీతలు గీస్తాడు. అమ్మేవాళ్లు టైలు కట్టుకొచ్చి మాకు పెన్నులు పంచారు. ఈ ఉత్తరం ఆ పెన్నుతోనే రాస్తున్నాను. నా నిష్పాక్షికతకి ఏ లోటూ రాలేదని గమనించగలరు.

రెండోవాడు తొందరబాబు. "ఆంప్లిఫయరంటే చిన్న శబ్దాన్ని పెద్దది చేసేది, అంతేగా!" అని ప్రతి ముక్కనీ రెండు వాక్యాల్లో ఒప్పేసుకుంటాడు. టీ చల్లారేలోపు మిషన్ మొత్తాన్నీ నడిపి చూపించేస్తాడు.

మూడోవాడు నసగాడు. ఎవరో మాస్టార్లు కలిసి రాసి ఊరికే పంచిపెట్టారు. ప్రతి ట్రాన్సిస్టర్నీ పలకరించి, "ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగి గానీ అడుగు ముందుకెయ్యడు. మధ్యలో ఆగిపోయి, తప్పు నువ్వే చేశావని నన్నంటాడు.

ఒక్కచోట కూర్చుని ఆలోచిద్దామంటే కాళ్లు నిలవడం లేదు. పొద్దుటి నుంచీ వరండాలో తిరుగుతున్నాను. ఊరికే తిరగడమెందుకని మూలనున్న మొక్కకి నీళ్లు పోశాను. అది ప్లాస్టిక్ మొక్క అని సెక్యూరిటీ అన్న చెప్పాడు.

మిషన్ ఎలా ఉంది? చిప్పులో ప్రతి భాగానికీ కాస్త కాస్త కరెంటు కొలిచి పోసే చిన్న ముక్క ఒకటుంటుంది. అది లేస్తేనే మిగతావన్నీ లేస్తాయి. దాన్ని గీసింది నేనే. అందుకని పొగుడుతూ రాయి.

ఇట్లు,
పిడుగు


ఇల్లు, ముందు గది
ఉత్తరం అందిన మర్నాడు

పిడుగూ,

ప్రయాణికులకు మనవి. పిడుగు గారి ఉత్తరం రావలసిన సమయం కన్నా ఆలస్యంగా మన గుమ్మం వద్దకు వచ్చి చేరినది. కలిగిన అసౌకర్యానికి పోస్ట్‌మ్యాన్ ఏమాత్రం చింతించడం లేదు.

రిటైరైనా నన్ను బస్టాండు వాళ్లు పొద్దుటి పూట పిలుస్తూనే ఉన్నారు. మెషిన్‌లో రికార్డు చేసి పెట్టిన అమ్మాయి గొంతు ఒకటుంది గానీ, బస్సు చెడిపోతే ఏం చెప్పాలో ఆ పిల్లకి తెలీదు. అప్పుడు నేను కావాలి. కిటికీ దగ్గరికొచ్చి డ్రైవర్లు అరిచేది ఇప్పుడు నాకు వినిపిస్తోంది, నీ చలవ.

మిషన్ సంగతి అడిగావు. బ్రహ్మాండం. పొద్దున్నే డబ్బాలోంచి తీసి గుప్పిట్లో పెట్టుకుంటాను. టీ తాగడం అయ్యేదాకా అలాగే పట్టుకుని, ఆ తర్వాత చెవిలో పెట్టుకుంటాను. మేనకోడలి వస్తువు కదా, ఆ మాత్రం మర్యాద చెయ్యాలి. "అదేమన్నా పిట్టపిల్లా?" అంటుంది మీ అత్తయ్య. పళ్లసెట్టు వచ్చాక మాట ఇంకా స్పష్టంగా ఉంది.

నీ ముగ్గురిలో తొందరబాబు మా గోడ మీది టైంటేబులులా ఉన్నాడు. దాని ప్రకారం మా డిపోలో ఏ బస్సూ ఇంతవరకూ ఆలస్యం కాలేదు.

వరండాలో తిరిగితే తిరుగు గానీ తిండి మానకు.

మామయ్య


అదే బల్ల (కుర్చీ మారింది, పాతదాని చక్రం ఊడదీశాను)
స్వెట్టర్లు బయటికి తీసిన రోజులు

మామయ్యా,

తీర్పు వచ్చేసింది. నేను న్యాయమూర్తినయ్యాను.

పద్ధతి చెబుతాను విను. నా ముక్కతో సహా చిప్ మొత్తాన్నీ ముగ్గురికీ ఇచ్చాను. ఎండలో, మామూలు రోజున, బాగా చలిలో, మూడు వాతావరణాల్లోనూ నడపమన్నాను. ముగ్గురూ ఒకే మాట చెబితే సంతోషం. తేడా వస్తే ఇద్దరు ఏది చెబితే అదే నిజం, మూడోవాడు ఇంటికి. నిండు ప్రజాస్వామ్యం.

దొరగారు మూడు వాతావరణాల్లోనూ శభాష్ అన్నాడు. తొందరబాబు అంతకు ముందే శభాష్ అనేసి కాళ్లూపుకుంటూ కూర్చున్నాడు. నసగాడు వారమంతా గొణిగి గొణిగి ఎండలో సరే, మామూలు రోజున సరే అన్నాడు. చలి దగ్గరికొచ్చేసరికి కరెంటు సున్నా అన్నాడు. నా ముక్క లేవలేదట. అది లేవలేదు కాబట్టి మిగతా మిషన్ కూడా లేవలేదట. నిటారుగా ఉండాల్సిన గీత నేల మీద పడుకుని ఉంది.

నా బిడ్డని అంత మాటంటాడా? మా బల్ల మీద నమూనాలన్నిటికీ వరసగా బ్యాటరీలు పెట్టి చూశాను. అన్నీ టక్కున లేచాయి. పెద్దాయనకి చూపిస్తే, "ఇద్దరు బాగుందంటే, ఒకడు బాలేదంటే, ఆ ఒక్కడికే బాలేదన్నమాట" అన్నాడు. నేనూ తలూపాను. దొరగారి పేరు రాసి పంపడమే మిగిలింది. రెండు వారాల్లో మీటింగు, ఆ వెంటనే ఫ్యాక్టరీకి.

అయినా నాకు కాలు నిలవడం లేదెందుకో. రాత్రి పడుకుంటే ఆ నేల మీది గీతే కనిపిస్తోంది. పెన్ను మూత తీసి పెట్టీ, తీసి పెట్టీ దాన్ని విరగ్గొట్టాను. దొరగారి పెన్నే. పక్క బల్ల దగ్గర చిప్ లేఅవుట్ గీసే అన్న నా చుట్టూ కుర్చీలు అడ్డం పెట్టి, "ఇక్కడే తిరుగు, మా వైపు రాకు" అన్నాడు.

మిషన్ బాగానే ఉందిగా? ఒక్క మాట బాగుందని రాసెయ్. నిద్రపోతాను.

పిడుగు


ఇల్లు
చలి గట్టిపడింది

పిడుగూ,

బాగుంది. బంగారం. ఎండెక్కాక ఇంకా బంగారం.

అక్షరాలు ఇలా వంకరగా ఉన్నాయేమిటని అడగొద్దు. బల్ల ఊగుతోంది. దాని కింద కాగితం మడిచి పెట్టమని మీ అత్తయ్యకి చెప్పాలి.

బస్టాండుకి కొన్నాళ్లు వెళ్లడం లేదు. ఆ రికార్డు పిల్లకీ నాలుగు రోజులు పని నేర్చుకునే అవకాశమివ్వాలి కదా.

నువ్వు గెలవాలి. అంతే.

మామయ్య


ఆఫీసు వంటగది, ఫ్రిజ్ పక్కన, నిలబడి
మీటింగుకి ముందు వారం

మామయ్యా,

అబద్ధాలు చెప్పే మామయ్యా!

మన ముందు గది బల్ల నాకు తెలుసు. చిన్నప్పుడు దాని మీదెక్కి నేను గంతులేస్తే నేల అదిరింది గానీ బల్ల ఊగలేదు. అక్షరాలు ఎడమ వైపుకి వాలి ఉన్నాయి. నువ్వు ఎడమ చేత్తో రాశావు. కుడిచేతికి ఏమైంది? దీనికి జవాబు ఈసారి ఉత్తరంలో మొదటి వాక్యంగా రావాలి.

నీ ఉత్తరాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. టీ అయ్యేదాకా గుప్పిట్లో పట్టుకోవడం. "ఎండెక్కాక బంగారం". అప్పుడు మెల్లగా తలకెక్కింది. ఎవరైనా మర్యాద కోసం మిషన్‌ని గుప్పిట్లో పెట్టుకుంటారా? నువ్వు దాన్ని వెచ్చబెడుతున్నావు.

వెంటనే బల్ల మీది నమూనాలన్నీ తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్ల పక్కన పెట్టాను. ("ఎవరి తిండి ఇది?" అని ఎవరో చీటీ అంటించారు.) కాసేపయ్యాక తీసి బ్యాటరీ పెట్టాను. మామయ్యా, సగం లేవలేదు. మా గది ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. చుట్టూ కంప్యూటర్లు కదా. అక్కడ ఇన్నాళ్లూ అన్నీ లేస్తుంటే నేను మురిసిపోయాను.

మరి దొరగారూ తొందరబాబూ ఎందుకు శభాష్ అన్నారు? ఫైలంతా వెతికితే దొరికింది. నా ముక్క రెండు రకాలుగా హాయిగా ఉండగలదు. ఒకటి, కరెంటు పారుతూ. రెండు, ఏమీ పారకుండా, పూర్తిగా పడుకుని. పడుకున్నదాన్ని లేపడానికి పక్కన తోసేవాణ్ని ఒకణ్ని, అంటే ఇంకో చిన్న ముక్కని, పెట్టాను. వేసవిలో నేను దీన్ని గీస్తున్నప్పుడు కంప్యూటర్ ఏది ఎంచుకోవాలో తెలీక మాటిమాటికీ ఆగిపోయేది. విసుగొచ్చి ఫైల్లో ఒక సూచన రాశాను: లెక్క మొదలుపెట్టేటప్పుడు ఇది మేలుకునే ఉందనుకో.

తర్వాత ఆ సంగతే మర్చిపోయాను. దొరగారు పెద్దమనిషి, అమ్మాయి చెప్పింది కదా అని అలాగే అనుకున్నాడు. తొందరబాబుకైతే అనుకోవడమే వృత్తి. నసగాడికి ఆ సూచన రాసిన తీరు అర్థం కాక దాన్ని వదిలేశాడు. వదిలేశానని గొణిగాడు కూడా. వాడి గొణుగుడు ఎవరు చదువుతారని నేను చదవలేదు. అందుకే వాడొక్కడే పడుకున్న దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. చలిలో నా తోసేవాడి బలం చాలలేదు. నేను ఓట్లు లెక్కపెట్టాను. ఆ రెండు ఓట్లూ నావేనని చూసుకోలేదు.

పెద్దాయన దగ్గరికి పరిగెత్తాను. "చలికి బ్యాటరీలు నీరసపడతాయి, అది అందరికీ తెలిసిందే. వేరే బ్యాటరీ పెట్టమని కాగితం మీద అచ్చేద్దాం. దానికోసం చిప్ ఆపుతామా?" అన్నాడు. ఆయన మాటా కొట్టిపారేసేది కాదు. ఫ్రిజ్ ఒక్కటే నా సాక్ష్యమైతే నేను ఓడిపోతాను. అందరికన్నా ఎక్కువ రోజులు చలిలో దీన్ని వాడింది నువ్వే. ఒక్క ప్రశ్న. గుప్పిట్లో వెచ్చబడి ఒకసారి లేచాక, అదే బ్యాటరీతో చలిలోకి వెళితే మళ్లీ ఆగిపోతుందా, పలుకుతూనే ఉంటుందా? ఆగిపోతే బ్యాటరీది తప్పు. పలుకుతూనే ఉంటే తప్పు నాది.

నన్ను సంతోషపెట్టే జవాబు రాయకు, మామయ్యా. దండం పెడతాను.

పిడుగు


ఇల్లు
ఉత్తరం అందిన మర్నాటి పొద్దున్నే

పిడుగూ,

కుడి మణికట్టు ఎముక కొంచెం చిట్లింది. కట్టు కట్టారు. ఇదే మొదటి వాక్యం. సరేనా?

రెండో వాక్యం: పలుకుతూనే ఉంటుంది. ఒకసారి లేచిందంటే ఎంత మంచులో తిరిగినా, అదే బ్యాటరీతో సాయంత్రం దాకా ఒక్క క్షణం కూడా ఆగలేదు. లేవడంలోనే దానికి బద్ధకం. కొత్త బ్యాటరీ పెట్టినా అంతే.

ఇక జరిగింది రాస్తాను. ఆ రోజు పొద్దున నిద్ర లేవడం ఆలస్యమైంది. టీ తాగే తీరిక లేదు. చల్లగా ఉన్నదాన్నే చెవిలో పెట్టుకుని పరిగెత్తాను. దారిలో లేస్తుందిలే అనుకున్నాను. బస్టాండు ఆవరణలో ఒక బస్సు వెనక్కి వస్తోంది. కండక్టరు బస్సు వెనక బాదుతూ అరిచాడట. ఇన్నేళ్లుగా ఆ ఆవరణలో అందరినీ "దూరంగా నిలబడండి" అని హెచ్చరించినవాణ్ని నేను! నాకేం వినబడలేదు. ఎవరో పండ్లమ్మే ఆవిడ చొక్కా పట్టి లాగింది. బస్సు తగల్లేదు, నేల తగిలింది. లేచాక ఆవిడ నోరు కదలడం కనిపించింది. తిడుతోందని మాత్రం తెలిసింది.

ఎందుకు చెప్పలేదంటావా? అది నువ్వు గీసిన ముక్క. "పొగుడుతూ రాయి" అన్నావు. మొదటి వారమే లేవలేదని రాస్తే నీ మొహం ఎలా అయిపోతుందో నాకు తెలుసు, పరీక్షలో ఒక్క మార్కు పోతే నువ్వు అన్నం ముందు ఎలా కూర్చునేదానివో చూశాను. ఆ మొదటి వారంలోనే, మర్నాడు గుప్పిట్లో పట్టుకుంటే లేచింది. హమ్మయ్య, ఇక చెప్పక్కర్లేదు అనుకున్నాను. రోజూ నేనే లేపి, అదే లేచిందని నీకు రాశాను.

ఈ ఉత్తరాన్ని మీ పెద్దాయనకి చూపించుకో. కావాలంటే నేనే వచ్చి మైకులో చదువుతాను.

మామయ్య


మూడో అంతస్తు, ఇంటికెళ్లబోతూ
మీటింగు అయిపోయింది

మామయ్యా,

ముందు నిన్ను తిట్టాలి. వాయిదా వేస్తున్నాను, దానికి విడిగా పెద్ద ఉత్తరం కావాలి. ఆ పండ్లావిడకి నా తరఫున దండం పెట్టు.

మీటింగులో ఏడుగురు ఎదురుగా కూర్చున్నారు. నా కాలు బల్ల కింద ఎంత ఊగిందంటే గ్లాసుల్లో నీళ్లు కదిలాయి. లేచి చెప్పాను. "ముగ్గురిలో నేను నసగాణ్ని ఎంచుకుంటున్నాను. వాడు తెలివైనవాడని కాదు. నేను చెప్పిన అబద్ధం వాడికి అర్థం కాలేదు, అందుకని." నసగాడంటే ఎవరని అడిగారు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ పేరు మనిద్దరి మధ్యే ఉందని.

తర్వాత నీ ఉత్తరం చదివాను, రెండో వాక్యం రెండుసార్లు. పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఆయన చెయ్యెలా ఉంది?" అని అడిగాడు. అదొక్కటే మంచి మాట. మిగతావి ఇవి: చిప్ ఆగింది. ఫ్యాక్టరీ వాళ్లు మా వంతు వేరేవాళ్లకి ఇచ్చేశారు. చలి పోయేదాకా మళ్లీ వంతు రాదు. నా పర్మనెంటు సంగతి కూడా అప్పుడే చూస్తారట. దొరగారి మనుషులు కనిపిస్తే ముఖం తిప్పుకుంటున్నారు. తొందరబాబుని మాత్రం పూర్తిగా వదల్లేదు, చిన్న చిన్న పనులకి వాడుకుంటాం. నసగాడు మొత్తం మిషన్‌ని నడపాలంటే వారాలు పడుతుంది. పడనీ.

ఆ సూచనని ఫైల్లోంచి కొట్టేశాను. తోసేవాడికి కొత్తగా కండ పెట్టాను. ఇప్పుడు వాడు చలిలో కూడా గట్టిగానే తోస్తాడని నసగాడు ఒప్పుకున్నాడు, వాడి పద్ధతిలో, గొణుగుతూ. ఈలోగా కొన్ని నమూనాలు మాత్రం విడిగా చేయిస్తున్నాం, చేతికొచ్చాక నీకే మొదటిది పంపుతాను. ఒక్క షరతు. గుప్పిట్లో పెట్టుకోవద్దు. ఊదొద్దు. ఎండలో పెట్టొద్దు. లేవకపోతే లేవలేదని రాయి. నా మొహం ఎలా అయిపోతుందో నేను చూసుకుంటాను.

ఇప్పటికీ కాలు ఊగుతూనే ఉంది. నమూనా లేచిందని నువ్వు రాసేదాకా ఊగుతుంది.

పిడుగు


ఇల్లు, ముందు గది (బల్ల ఊగడం లేదు, కుడిచేత్తోనే రాస్తున్నాను)
చలి వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి చూసిన వారం

పిడుగూ,

ప్రయాణికులకు ముఖ్య మనవి.

కొత్త మిషన్ అందింది. నీ షరతు పాటించాను. పైగా నేనూ కొంచెం చేర్చాను. రాత్రంతా దాన్ని కిటికీ బయట గట్టు మీద ఉంచాను. పొద్దున్నే తీస్తే ఐసుముక్కలా ఉంది. గుప్పిట్లో కాదు, రెండు వేళ్ల చివర్లతో పట్టుకుని, బ్యాటరీ పెట్టి, అలాగే చెవిలో పెట్టుకున్నాను. చెవి జివ్వుమంది. వెంటనే వినిపించిన మొదటి మాట మీ అత్తయ్యది: "ఆ గట్టు మీద పాలగిన్నె పెట్టేదాన్ని, అక్కడ మీకేం పని?"

లేచింది. నాలుగు పొద్దులు వరసగా ఇలాగే చేశాను. నాలుగుసార్లూ లేచింది. ఇది నిన్ను సంతోషపెట్టడానికి రాసింది కాదు. నిరూపించడానికి ఇక నీ వస్తువు మీద ఫిర్యాదులు రాస్తున్నాను, రాసుకో.

కప్పులో చెంచా తిప్పితే నా తలలో గిన్నెల అలమర కూలినట్టుంటోంది. అది సరిచెయ్యి. గాలొస్తే హోరు తప్ప ఇంకేం వినబడదు. తువ్వాలుతో తల తుడుచుకుంటే ఈల వేస్తుంది, బస్టాండులో జనం అటూ ఇటూ చూశారు. రికార్డు పిల్ల గొంతు మునుపటికన్నా స్పష్టంగా వినిపిస్తోంది. అది కూడా ఫిర్యాదే.

ఇంకొకటుంది. ఇది ఫిర్యాదో కాదో తేల్చుకోలేక రాస్తున్నాను. పొద్దున నేను వీధి మలుపు తిరిగేదాకా మీ అత్తయ్య గుమ్మంలో నిలబడి ఏదో అంటూ ఉంటుందని నాకు ఎప్పటినుంచో తెలుసు. పెదాలు కదలడం చూసేవాణ్ని, పాత మిషన్‌తో కూడా అంత దూరం నుంచి మాట వినపడేది కాదు. క్షేమంగా వెళ్లి రమ్మని దీవిస్తోందనుకుని ఇన్నేళ్లూ చెయ్యి ఊపి వెళ్లేవాణ్ని. నిన్న మలుపు దాకా మొత్తం వినబడింది.

పిడుగూ, అవి దీవెనలు కావు.

మలుపు దగ్గర నిలబడి చివరిదాకా విన్నాను. ఒక్కటి కూడా పోలేదు.

మామయ్య